ఎవరూ బుక్ చేయని లగ్గాలు

పెళ్లిళ్ల సీజను నట్టనడుమ, ఒక్క గుంజ పీకకుండా, ఒక్క తాడు కోయకుండా, మా చిన్నబాపు టెంటు హౌసును నేను ఒంటిచేత్తో మూయించాను. పగవాళ్లు కూడా చేయలేని పని అది. పక్క బజారులోని పోటీవాళ్లు ఏళ్ల తరబడి కలలుగన్నా వాళ్ల వల్ల కాలేదు. నేను మాత్రం ఫ్యాను కింద కూర్చుని, సమోసా తింటూ, నాలుగు వరుసల కోడు రాసి సాధించాను. పైగా అది మూతపడుతున్నంత కాలం, ఆ కొట్టు యజమానే నన్ను మెచ్చుకుంటూ బజారంతా తిరిగాడు. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఈ కథ చెప్పుకోకుండా ఇప్పటికీ ఏ పెళ్లి భోజనం పూర్తికాదు.

మా బాపు తమ్ముడు రాజమల్లు. నాకు చిన్నబాపు. కరీంనగర్‌లో ఆయనకు టెంటు హౌసు ఉంది. ముందు చిన్న గది, వెనక పెద్ద గోదాము. ఆ గోదాములోకి అడుగుపెడితే ఎండకు ఎండిన గుడ్డ వాసన, నూనె పట్టిన గంజుల వాసన, ఏ పెళ్లి నుంచో మడతల్లో చిక్కుకుని వచ్చిన వాడిన మల్లెల వాసన కలగలిసి ముక్కుకు తగులుతాయి. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నేను ఆ షామియానా మడతల మీదే పడుకునేదాన్ని. అన్నం వండే పెద్ద గంజులో తలపెట్టి పాటలు పాడేదాన్ని. లోపలి నుంచి నా గొంతు నాకే పెద్ద గాయని గొంతులా వినిపించేది. బయట ఉన్నవాళ్లకు ఎలా వినిపించేదో చిన్నబాపు ఏనాడూ చెప్పలేదు. అంత మంచి మనిషి.

ఇంజనీరింగు పూర్తిచేసి, చిన్నబాపు ఇంట్లో ఉంటూ కరీంనగర్‌లోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాక, ఆ మంచి మనిషికి ఏదైనా మేలు చేయాలనిపించింది. మేలు చేయాలన్న కోరిక కొత్త ఇంజనీరుకు పుట్టడమంటే కోతికి కొబ్బరిచిప్ప దొరకడమే. చిన్నబాపు కష్టమల్లా ఫోను. పొద్దుటి నుంచి రాత్రిదాకా "ఫలానా తారీఖు ఖాళీనా?" అని ఒకటే అడగడం. ఆయన షామియానా పైకెక్కి తాడు కడుతున్నా అదే ప్రశ్న, అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే ప్రశ్న. నేను నీకొక వెబ్‌సైటు చేసిపెడతాను, తేదీలన్నీ అందులోనే కనబడతాయి, కావలసినవాళ్లు వాళ్లే బుక్ చేసుకుంటారు అని చెప్పాను. చిన్నబాపు కళ్లు మెరిశాయి. తన ఫోటో పెడతావా అని ఒక్కటే అడిగాడు. పెట్టాను.

ఇప్పుడు కొంచెం నా విద్య గురించి చెప్పాలి. భయపడకండి, బస్సు ఎక్కినవాళ్లందరికీ అర్థమవుతుంది.

మన బస్టాండులో జనం ఎక్కువగా ఉంటే ఏం చేస్తాం? కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తాం. తర్వాత నెమ్మదిగా తలుపు దగ్గర తోసుకుని ఎక్కి, దస్తీ తీసి, కూర్చుంటాం. నా సైటు కూడా అదే చేసేది. ఎవరైనా ఒక తేదీ ఎంచుకుని 'బుక్' అని నొక్కగానే, నా సర్వరు ముందు ఆ తేదీ మీద దస్తీ వేసేది, అదే సమయంలో ఇంకొకరు ఎత్తుకుపోకుండా. ఆ తర్వాత ఆ మనిషి ఫోనుకు ఒక మెసేజ్ పంపేది. మెసేజ్ వెళ్లేదాకా కొంచెం ఆలస్యం, తెర మీద ఒక చక్రం తిరిగేది. వెళ్లాక పేరు రాసుకుని, దస్తీ తీసేసేది. దస్తీ ఉన్న తేదీ అయినా, పేరు రాసిన తేదీ అయినా క్యాలెండరులో ఎర్రగా కనబడేది. ఖాళీ తేదీ పచ్చగా ఉండేది. ఎవరెవరు బుక్ చేశారో చూపించే పేజీ తర్వాత చేద్దాంలే అని వదిలేశాను. ఆ 'తర్వాత' అన్న మాట దగ్గర ఎంతమంది ఇంజనీర్లు మునిగిపోయారో మీకు తెలియదు.

మా ఆఫీసులో ఫర్హానా అక్క అని సీనియరు ఉండేది. నా కోడు చూసి ఒక మంచి ప్రశ్న అడిగింది. చక్రం తిరుగుతుండగా ఆ మనిషి విసుగొచ్చి పేజీ మూసేస్తే నీ సర్వరు ఏం చేస్తుంది అని. నేను దాని గురించి ఆలోచించనే లేదు.

"మనిషే పోయినంక ఇగ ఎవల కోసం పని చేసుడు? పోయిండని కబురు రాంగనే పని ఆపెయ్యాలె. లేకుంటే సర్వరు ఉత్తగ పరేషాన్ అయితది" అంది అక్క. "అయితే గిక్కడనే ఒక మతలబున్నది మౌనీ..."

ఆ మతలబు ఏమిటో నేను వినలేదు. కింద గ్రానైటు పలకల దుకాణం పక్కన వేడి సమోసాలు వేసే వేళ అయింది. ఆలస్యమైతే అయిపోతాయి. ఇప్పుడే వస్తానక్కా అని లేచి వెళ్లాను. మధ్యలో వెళ్లిపోయేవాళ్ల గురించి చెబుతున్న పాఠం మధ్యలోంచి నేను వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి అక్క ఇంకో పనిలో పడింది. నేను విన్న సగం పాఠాన్ని భక్తిశ్రద్ధలతో కోడులో పెట్టాను. మనిషి పేజీ మూశాడా, సర్వరు ఎక్కడి పని అక్కడ వదిలేసి చేతులు దులుపుకోవాలి. దస్తీ వేసి ఉంటే? ఆ ప్రశ్న నాకు తట్టలేదు. బస్సు దిగిపోయిన మనిషి దస్తీ సీటు మీదే ఉంటే, సీటు జగిత్యాల దాకా ఖాళీగా పోతుంది, జనం నిలబడి పోతారు. ఈ పాటి జ్ఞానం బస్సులో ప్రతివాడికీ ఉంటుంది. ఇంజనీరింగులో నాకు మంచి మార్కులు వచ్చాయి.

ఆఫీసులో ఇంటర్నెట్ బాగుంటుంది గనక నేను పరీక్షించినప్పుడల్లా చక్రం రెండు చుట్లు తిరిగి పని పూర్తయ్యేది. మధ్యలో మూసి చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. సైటు తెరిచేశాం. చిన్నబాపు కొబ్బరికాయ కొట్టి, ఫోనుకు బొట్టు పెట్టాడు.

ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. మాకు మాత్రం సైటు పెట్టగానే పండుగొచ్చింది. వారం తిరిగేసరికి క్యాలెండరులో ఎరుపు మొదలైంది. అది కూడా ఎలాంటి తేదీలు! పంతుళ్లు వేళ్లు మడిచి మడిచి తీసిన గట్టి ముహూర్తాలు. అమావాస్యలు, మూఢాలు పచ్చగా అలాగే ఉన్నాయి. లగ్గాల రోజులు మాత్రం ఒకదాని వెంట ఒకటి మిరపపళ్లలా ఎర్రబడుతున్నాయి. చిన్నబాపు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కనబడిన వాళ్లందరికీ నన్ను చూపించి, మా అన్న బిడ్డ, దీని చెయ్యి లక్ష్మి చెయ్యి అని చెప్పేవాడు. నేను తల వంచుకుని సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గును తలచుకుంటే ఇప్పుడు నిజంగానే సిగ్గేస్తుంది.

పార్టీలు ఎవరు బిడ్డా అని ఆయన అప్పుడప్పుడు అడిగేవాడు. నేను కూర్చుని ఒకసారి సర్వరు లోపలికి తొంగిచూసి ఉంటే అక్కడే బయటపడేది. కానీ ఇంజనీరు పొగరు కదా, అడ్వాన్సు ఇవ్వడానికి వాళ్లే వస్తారు చిన్నబాపూ, ఫికర్ చేయకు అని కొట్టిపారేశాను. ఆలు లేదు, చూలు లేదు, పెళ్లికి టెంటు మాత్రం బుక్కైపోయింది.

ఇక్కడిదాకా ఉంటే ఇది నా ఒక్కదాని తెలివితక్కువ కథ. కానీ ఎర్రటి తేదీలను నమ్మి చిన్నబాపు అడిగినవాళ్లందరికీ ఖాళీ లేదని చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్లనుంచో వచ్చే పాత గిరాకీలు కూడా పోటీవాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లలో చివరగా వచ్చినవాడు కొమురయ్య మామ.

కొమురయ్య మామ మా చిన్నమ్మకు, అంటే చిన్నబాపు భార్యకు, స్వయానా తమ్ముడు. కొండగట్టు దాపున వాళ్ల ఊరు. మస్కట్‌లో పనిచేస్తాడు. బిడ్డ పెళ్లి కోసమని సెలవు పెట్టుకుని వచ్చాడు. తిన్నగా టెంటు హౌసుకే వచ్చి, బావా, నీ షామియానా కింద నా బిడ్డ లగ్గం కావాలని అడిగాడు. ఆయన చెప్పిన తేదీ ఆ సీజనులోకెల్లా పెద్ద ముహూర్తం. చిన్నబాపు ఫోను తీశాడు. ఎర్రగా ఉంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. చిన్నబాపు ముఖం చిన్నబోయింది. ఒకసారి మాట ఇచ్చాక ఇంకొకరి పెళ్లి నుంచి టెంటు పీకి తేవడం ఆయన పద్ధతి కాదు. వేరేవాళ్లు ముందే బుక్ చేసుకున్నారు, ఏమనుకోవద్దు అన్నాడు. కొమురయ్య మామ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎవలో తెల్వనోళ్ల లగ్గం ఎక్కువైంది, నీ బామ్మర్ది బిడ్డ లగ్గం తక్కువైంది" అని మాత్రం అని లేచాడు. ఇచ్చిన చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాట సాయంత్రానికి చిన్నమ్మకు చేరింది. చిన్నమ్మ అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది. మొగుడితో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డించి, పప్పు కావాలా అని నా వైపు చూసి అడిగేది. నేను చిన్నబాపును అడిగేదాన్ని. ఆయన నాకు చెప్పేవాడు. నేను చిన్నమ్మకు చెప్పేదాన్ని. ఇద్దరి మధ్యా సర్వరులా పనిచేశాను. నా జన్మలో నేను నడిపినవాటిలో అది ఒక్కటే సరిగా నడిచింది.

పెద్ద ముహూర్తం దగ్గరపడింది. అడ్వాన్సు ఇవ్వడానికి ఒక్క పిట్ట రాలేదు. చిన్నబాపుకు నిద్ర పట్టడం లేదు. ఒకరోజు ఆయన నన్ను గోదాము పక్క హోటల్‌కు చాయ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఆదిలాబాద్ నుంచి పత్తి బేరానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. మాటల్లో మాట, ఈమె మా అన్న బిడ్డ, టెంటు హౌసుకు వెబ్‌సైటు చేసిందని చిన్నబాపు మొదలుపెట్టాడు. దిగులంతా ఎటుపోయిందో, కుర్చీ దగ్గరికి లాక్కుని ఫోను తీశాడు.

"చూడున్రి. గిట్ల మంచి తారీఖు వత్తాలె. బుక్కు అని కొట్టాలె. చక్రం తిరుగుతున్నది కదా? గిప్పుడు నేను బందు పెడుతున్న. పెట్టకుంటే నిజంగనే బుక్కయితది."

అని, చక్రం తిరుగుతుండగానే పేజీ మూసేశాడు. వెంటనే మళ్లీ తెరిచాడు. ఇందాక పచ్చగా ఉన్న తేదీ ఎర్రబడింది. చిన్నబాపు తొడ చరిచాడు.

"చూసిండ్రా మన గిరాకీ. మనం మాట్లాడుతుండంగనే ఎవలో ఎత్తుకపోయిండు."

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. చాయ్ కన్నా ముందు నేను చల్లారాను. ఎప్పటినుంచి ఇలా చూపిస్తున్నావని మెల్లగా అడిగాను.

"సైటు పెట్టిన కాడికెళ్లి. ఎవలు చాయ్‌కొస్తే వాళ్లకు చూపిస్తున్న" అన్నాడు గర్వంగా. "అన్ని మంచి తారీఖులే చూపిస్తున్న బిడ్డా. చిల్లర తారీఖులు చూపిస్తే మన ఇజ్జత్ ఏముంటది?"

ఒక్కో చాయ్‌కి ఒక్కో ముహూర్తం. ఆ సీజను లగ్గాలన్నీ మా చిన్నబాపు బొటనవేలే బుక్ చేసింది. దస్తీ వేయడం, దిగిపోవడం, మళ్లీ వేయడం, మళ్లీ దిగిపోవడం. బస్సు నిండా దస్తీలే, మనిషన్నవాడు లేడు. తప్పు ఆయనది కాదు. పేజీ మూయడం ఎవరి హక్కైనా. మూసినప్పుడు దస్తీ తీయాల్సింది నేను.

గోదాములోకి తీసుకెళ్లి, షామియానా మడతల మీద కూర్చోబెట్టి, అంతా చెప్పాను. సర్వరు తెరిచి చూపించాను. ఆయన నిదానంగా విన్నాడు.

"అంటే గా లగ్గాలన్ని ఉత్తయేనా?"

అవునన్నాను.

"ఒక్కటన్న ఉండకపోతదా? మంచిగ చూడు బిడ్డా."

మంచిగా చూశాను. లేదు. చిన్నబాపు నన్ను తిట్టలేదు. పక్కనున్న పెద్ద గంజును చేత్తో నిమిరాడు. తిడితే ఆ రాత్రి నేను హాయిగా పడుకునేదాన్ని.

మర్నాడు ఫర్హానా అక్క ముందు నిలబడ్డాను. అక్క కోడంతా చదివి, కళ్లద్దాలు తీసి, నన్ను చూసింది. "మనిషి పోతే పని ఆపుమన్న. సర్దుడు గూడ ఆపుమన్ననా?" అంది. అడుసు తొక్కినవాడు కాలు కడుక్కుంటాడు, నేను అడుసు కాళ్లతో గుడిలోకి పోయాను. ఆ రోజు సమోసాల వాసన వస్తున్నా కదలకుండా కూర్చుని మిగతా సగం పాఠం విన్నాను. పని మధ్యలో ఎక్కడ తెగినా సరే, దస్తీ తీసే పని జరిగి తీరే చోట పెట్టించింది. మెసేజ్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు మనిషి పోతే ఆపెయ్యి, కానీ పేరు రాయడం మొదలయ్యాక పోతే రాత పూర్తిచేసే ఆపు, సగం పేరు ఎవరికీ పనికిరాదు అంది. సర్దేశాక, మనిషి పోయాడన్న కబురును మింగెయ్యకుండా, ఆ పని అప్పజెప్పిన పై ప్రోగ్రాముకు చేరవేయాలంది. ఒకవేళ సర్వరే కూలిపోతే ఎలాగని, ఎంతకీ మనిషి రాని దస్తీని బస్సులో కండక్టరు తీసి పారేసినట్టు, గడువు దాటితే దానంతటదే పోయే ఏర్పాటూ చేయించింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని నొక్కడం, మూయడం, నొక్కడం, మూయడం. క్యాలెండరు పచ్చగానే ఉంది. పచ్చటి పొలంలా ఎంత బాగుందో. కాకపోతే పంట లేదు.

ఎందుకంటే అప్పటికే అందరూ వేరేచోట మాట్లాడుకున్నారు. కొమురయ్య మామ కూడా. ఇప్పుడు వెళ్లి, బామ్మర్దీ, నాకు ఖాళీ ఉందంటే ఏమనుకుంటాడు? మొదట అబద్ధం చెప్పి తప్పించుకున్నాడనుకుంటాడు. చిన్నమ్మ అయితే అనుకోవడం కూడా మానేస్తుంది. అందుకని చిన్నబాపు ఒక ఉపాయం పన్నాడు. పెళ్లిరోజు ఖాళీగా కనబడకూడదు, అంతే. పొద్దున్నే పనివాళ్లతో డీసీఎం వ్యానులో షామియానాలు, కుర్చీలు, గంజులు అన్నీ ఎక్కించాడు. బజారంతా చూసేలా హారను కొడుతూ బయలుదేరాడు. తప్పు నాది గనక నన్నూ ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఎక్కడికి చిన్నబాపూ అంటే, అంజన్న దగ్గరికి అన్నాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుని పోయినవాళ్లను విన్నాం, పెళ్లి ఎగ్గొట్టడానికి పెళ్లి సామానంతా వేసుకుని పోయినవాళ్లం మేమే.

కొండగట్టు కింద చెట్టు నీడన వ్యాను ఆపాం. దర్శనం చేసుకొచ్చాం. కూర్చోవడానికి కుర్చీలకు కొదవ లేదు గనక ఒక వరుస దించుకున్నాం. చిన్నబాపు ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో, పనివాళ్లు పక్కన. పులిహోర ప్రసాదం పొట్లం విప్పగానే ఒక పెద్ద కోతి వచ్చి ఎదురు కుర్చీలో దర్జాగా కూర్చుంది. చిన్నబాపు దాన్ని తరమలేదు. ఈ సీజనులో నా కుర్చీలో కూర్చున్న మొదటి గిరాకీ ఇదే అని దానికి ఇంత పులిహోర పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. ఆయన చూసి, తినమని నా వైపు కూడా పొట్లం జరిపాడు.

అప్పుడు నా ఫోను మోగింది. చిన్నమ్మ. మొగుడికి చేయకుండా నాకు చేసింది.

"మౌనీ, మీ చిన్నబాపుకు చెప్పు. గా టెంటాయన గుడ్డ కట్టిండు గని గంజులు రాలే, కుర్చీలు రాలే. మస్తు లగ్గాలొచ్చినయట, సామాను సరిపోలేదట. పొయ్యిలు మండుతున్నయి, వంటాయన ఉత్త చేతుల్తోని నిలబడ్డడు. మగపెల్లోళ్లు ఊరి పొలిమేరకొచ్చిండ్రు."

అర్థమైంది కదా? చిన్నబాపు తిప్పి పంపిన గిరాకీలందరూ పోటీవాళ్ల మీద పడ్డారు. వాళ్ల గంజులు చాలలేదు. నేను తీయని దస్తీ చివరికి కొమురయ్య మామ పొయ్యి మీదికి వచ్చి చేరింది. ఫోను స్పీకరులో ఉంది. చిన్నబాపు అంతా విన్నాడు. కోతిని లేపి కుర్చీ ఎత్తాడు.

ఆ వ్యాను అంత వేగంగా పోతుందని నాకు అప్పటిదాకా తెలియదు. వంటాయన ఇంకా చేతులు నలుపుకుంటుండగానే మేము ఊళ్లో దిగాం. గంజులు పొయ్యి మీదికెక్కాయి, కుర్చీలు వరుసల్లో పడ్డాయి. చిన్నబాపు చొక్కా విప్పి భుజాన వేసుకుని తాళ్లు బిగించాడు. నేను ఉల్లిగడ్డలు కోశాను. ఏడవడానికి మంచి సందు దొరికింది. ఎదుర్కోళ్లు, బాజాలు ముగిసి మగపెళ్లివాళ్లు పందిట్లోకి వచ్చేసరికి బగారా అన్నం ఘుమఘుమ ఎదురెళ్లి స్వాగతం చెప్పింది. పెళ్లి లోటు లేకుండా జరిగింది.

తలంబ్రాలు అయ్యాక కొమురయ్య మామ వచ్చి చిన్నబాపు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సామానంత బండిలనే ఉండె. అంటే నా బిడ్డ కోసం వేరే పార్టీని కాన్సిల్ చేసి వచ్చినవా బావా?"

చిన్నబాపు నన్ను చూశాడు. నేను ఉల్లిగడ్డను చూశాను. ఆయన ఆకాశం చూసి, సొంతవాళ్లకన్నా ఎక్కువా అన్నాడు. అబద్ధం కాదు, నిజమూ కాదు. సగంలో ఆగిన మాట. అలాంటివాటిలో మా వంశానికి మంచి పేరుంది. ఆ మాట పందిరంతా పాకింది. బామ్మర్ది బిడ్డ కోసం గిరాకీని వదులుకున్న మనిషని ముసలీ ముతకా వచ్చి చిన్నబాపును చూసి వెళ్లారు. చిన్నమ్మ స్వయంగా విస్తరి వేసి, నేను మధ్యలో లేకుండానే, పప్పు వెయ్యాలా అని మొగుణ్ని అడిగింది.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ పెళ్లికూతురి నానమ్మ, అంటే చిన్నబాపు అత్త, ధర్మాత్మురాలు. ఆ అవ్వకు ఒక దిగులు పట్టుకుంది. మన పెళ్లి గట్టెక్కింది సరే, మన కోసం టెంటు పోగొట్టుకున్న ఆ పిల్ల పెళ్లి ఏమైందో, వాళ్ల ఉసురు మనకు తగలదా అని. ఎవరు చెప్పినా వినలేదు. పెద్ద బగోనె నిండా బగారా అన్నం, ఇంకో దాని నిండా కూర, పైన మిఠాయి సర్దించి వ్యానులో పెట్టించింది. ఆ పెళ్లివాళ్లకు ఇచ్చి, మా తరఫున చెయ్యి పట్టుకుని మన్నించమని అడుగు బిడ్డా అని చిన్నమ్మను కూడా ఎక్కించింది.

వ్యాను కదిలింది. చిన్నబాపు, చిన్నమ్మ, మధ్యలో నేను, ఒళ్లో మిఠాయి. లేని పెళ్లికి భోజనాలు తీసుకుని బయలుదేరాం. చిన్నబాపు ఎంత నెమ్మదిగా నడిపాడంటే గొర్లమంద ఒకటి మమ్మల్ని దాటిపోయింది. రెండు ఊళ్లు పోయాయి. ఏ ఊళ్లోనూ ఆగలేదు.

"గా లగ్గం ఏడున్నది?" అని చిన్నమ్మ అడిగింది.

చిన్నబాపు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "మౌనికి తెలుసు. చెప్పు బిడ్డా" అన్నాడు.

చెప్పాను. దస్తీ గురించి, చాయ్ హోటల్ గురించి, తిరిగే చక్రం గురించి, పచ్చటి తేదీలు ఎర్రబడటం గురించి, చివరికి కోతి గురించి కూడా. చిన్నమ్మ ఒక్క ప్రశ్న వేయకుండా విన్నది. ముఖం మీద ఏ భావమూ లేదు.

"అంటే నువ్వు ఒత్తినవ్, ఇది సగంల ఆపింది, నేను అలిగిన" అంది చివరికి.

ఇద్దరం తలూపాం.

"బండి ఆపు. పొద్దుగాల్నుంచి నేనింత తినలే."

రోడ్డు పక్క వేపచెట్టు కింద ఆపాం. చిన్నబాపు వెనక మిగిలి ఉన్న కుర్చీలు దించాడు, పెళ్లివాళ్లకు వేసినట్టే వరుసగా వేశాడు. చిన్నమ్మ బగోనె మూత తీసింది. ఇంకా వెచ్చగా ఉంది. మొదటి ముద్ద తింటుండగా చిన్నమ్మకు పొలమారింది. నీళ్లిద్దామని చూద్దును కదా, పొలమారడం కాదు, నవ్వు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వింది. ఆమెను చూసి చిన్నబాపు, ఆయన్ను చూసి నేను. దారిన పోయేవాళ్లు ఎవరి పెళ్లి అన్నట్టు చూసుకుంటూ పోయారు.

ఆ చెట్టు కిందే, తూర్పు తిరిగి, కొండగట్టు అంజన్న మీద ఆన పెట్టి నేనొక ప్రమాణం చేశాను. నా ప్రాణం ఉండగా, నా కోడు నడిచే ఏ సర్వరులోనూ, మధ్యలో వెళ్లిపోయిన మనిషి వెనక సర్దకుండా వదలను. మొదలుపెట్టిన పనిని పూర్తిచేసైనా ఆపుతాను, అసలు మొదలే కానట్టు తుడిచేసైనా ఆపుతాను, సగంలో మాత్రం ఆపను. చాలా గంభీరంగానే చేశాను. కాకపోతే అప్పుడు నోటినిండా బగారా అన్నం ఉంది గనక, ఆ స్వామికి అందులో ఎంత అర్థమైందో నేను చెప్పలేను.